తెగని బోల్టు

టెస్ట్ యార్డులో బోల్టులు పరీక్షించే ఇంజనీరు సోమవారం ఉదయం మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి లోపలికి అడుగు పెట్టాడు. లోపల లిఫ్టు లేదు. చావడానికి అరగంట ముందు అతను చీఫ్‌కి ఒకే ఒక మెసేజ్ పంపాడు: "తెగవలసింది తెగదు."

"దీనర్థం ఏమిటి?" అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ జేబులోంచి ఒక బోల్టు తీసి బల్లమీద పెట్టాడు. హైవే మలుపులో అన్నయ్య కారు రెయిలింగ్ మీదుగా ఎగిరి లోయలో పడినచోట దొరికిందది. ఆరేళ్లుగా అతని దగ్గరే ఉంది. 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాసి ఫైలు మూసేశారు. ఆ కాగితం మీద వదిన సంతకం పెడుతుంటే పక్కన నిలబడి చూశాడు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"కారు గుద్దగానే స్తంభం వంగుతుంది సార్. అప్పుడీ బోల్టు పుటుక్కున తెగాలి. తెగితే రెయిలింగ్ స్తంభాన్ని వదిలేసి పైనే నిలబడి కారుని ఆపుతుంది. తెగకపోతే స్తంభంతోపాటు అదీ నేలకి వంగుతుంది. కారు దాన్నెక్కి అవతలికి పోతుంది."

"అంటే, గట్టి బోల్టే చంపుతుందా?"

"అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఈ రెయిలింగులు సరఫరా చేసే విదేశీ ముఠా టెస్టుకి మెత్తనివి బిగిస్తుంది. రోడ్డుకి మాత్రం చవగ్గా దొరికే గట్టివి పంపుతుంది."

"ఎల్లుండి పదకొండింటికి ఫైనల్ టెస్ట్. పాసైతే కొత్త వంతెన రెయిలింగ్ మొత్తం వాళ్లదే. ఆపు. మన మనిషి ఒకరు ముఠా లోపలున్నారు. కోడ్: 'గొడుగు మర్చిపోయారా?' జవాబు: 'వాన నిన్ననే వెలిసింది.'"

డిపార్ట్‌మెంట్ అతనికి లేజర్ పెన్నూ, చొక్కా గుండీలో కెమెరా ఇచ్చింది. చివరికి అక్కరకొచ్చింది పంతొమ్మిదో నంబరు స్పానర్.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రోడ్డు కూలీ వేషంలో నైన్, తన అన్నయ్య పోయిన మలుపు దగ్గర కూర్చున్నాడు. ఎనిమిది స్తంభాలకున్న గట్టి బోల్టులు ఊడదీసి, యార్డు స్టోరులోంచి తెచ్చిన మెత్తనివి బిగించాడు. మధ్యలో వదిన కారు వెళ్లింది, వెనక సీట్లో పాపతో. ఆమె రోజూ పోయే దారే అది. మరిదిని పోల్చుకోలేదు, హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయింది.

టెస్టు రోజున అతను డమ్మీని చూసుకునే మెకానిక్. కారులో కూర్చోబెట్టే ఆ బొమ్మని యార్డు వాళ్లు 'అల్లుడుగారు' అంటారు. అంత మర్యాద చేయాలి మరి. అల్లుడుగారికి బెల్టు పెట్టి, సెన్సర్ వైరు చూసొస్తానని చెప్పి నైన్ రెయిలింగ్ దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రోడ్డు బోల్టులు ఎనిమిదీ టెస్టు స్తంభాలకున్నాయి.

పదకొండు. గ్యాలరీలో కమిటీ సభ్యులు, ముఠా నాయకుడు. కంట్రోల్ టేబుల్ దగ్గర ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న ముఠా ప్రతినిధి, ఆమె పక్కనే నైన్. ఆమె నవ్వుకే సగం కమిటీ సంతకం పెట్టేలా ఉంది.

కేబుల్ బిగుసుకుని కారుని లాగింది. అరవై. ఎనభై. ఆమె బైనాక్యులర్స్ ఎత్తి చూసింది. కొత్త రెయిలింగ్ మీద తుప్పుపట్టిన బోల్టులు! చెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ మీదికి వెళ్లింది.

నైన్‌కి ఇంకో దారి లేదు. "గొడుగు మర్చిపోయారా మేడమ్?"

ఆమె వేలు బటన్‌కి వెంట్రుకవాసిలో ఆగింది.

"వాన... నిన్ననే వెలిసింది."

కారు ఢమాల్మని గుద్దింది. స్తంభాలు వంగాయి. ఒక్క బోల్టూ తెగలేదు. రెయిలింగ్ నేలకి వంగింది, కారు దానిమీంచి లేచి తలకిందులుగా పడింది. అల్లుడుగారి తల దొర్లుకుంటూ వచ్చి కమిటీ ఛైర్మన్ బూట్ల దగ్గర ఆగింది. పారిపోతున్న ముఠా నాయకుణ్ణి గేటు దగ్గర పట్టుకున్నారు.

"మీరసలు ఎవరి వైపు?" అన్నాడు నైన్.

"ఇందాకటిదాకా వాళ్ల వైపు," అందామె స్కార్ఫ్ సర్దుకుంటూ. "ఇప్పుడే మారాను."

సాయంత్రం చీఫ్ చెయ్యి కలిపాడు. "వంతెన దక్కింది. శభాష్!"

"రోడ్డు మీద ఇప్పటికే ఉన్న బోల్టుల సంగతేంటి సార్? రెండొందల కిలోమీటర్లు."

"అది రహస్యం. బయటపడితే ఆరేళ్లనాడు ఎవరు పాస్ చేశారని అడుగుతారు."

"ఎవరు చేశారు?"

చీఫ్ ఫైలు మూసి, సొరుగులో పెట్టి, తాళం వేశాడు.

నైన్ బయటికొచ్చి వదినకి ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?"

"వదినా, నేను చెప్పేది విను. ఎప్పుడైనా బండి అదుపు తప్పేలా ఉంటే, ఎలాగోలా అన్నయ్య మలుపుదాకా లాక్కురా. ఈ దేశంలో గుద్దుకోవడానికి అదొక్కటే మంచి చోటు."