కడాయిలో కాఫీ గింజలు

"తోట తగలబెట్టి పోయారు," అన్నాడు చీఫ్. "కాపలావాడు తెల్లవారేసరికి ఆస్పత్రిలో చనిపోయాడు. మిగిలింది రెండు సేర్ల గింజలు. అవి దొంగల చేతిలో ఉన్నాయి."

ఏజెంట్ దశరథం కుర్చీలో నడుం సర్దుకున్నాడు. వయసు నలభై తొమ్మిది. పదిహేడేళ్ల సర్వీసులో ఒంట్లో రెండు తూటాలు, కడుపులో ఒక పుండు సంపాదించుకున్నాడు. ఈసారి శత్రువు ఎత్తుకుపోయింది బాంబు ఫార్ములా కాదు, కాఫీ గింజలట. ఎందుకో అతనికి నవ్వు కూడా రాలేదు.

"మామూలు కాఫీ కాదయ్యా. తూర్పు కనుమల్లో మూడువేల ఆరువందల అడుగుల ఎత్తున పెరిగిన రకం. ఆకు తుప్పు తెగులు సోకదు. కప్పులో పోస్తే నారింజ తొక్క వాసన. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అది పరాయివాళ్ల తోటల్లో మొలిచిందంటే మన కొండరైతు నోట్లో మట్టే. ఏమైనా సరే, ప్రాణాలతో తిరిగి రావాలి."

"నేనా?"

"గింజలు."

చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను ముందుకు తోశాడు. క్యాప్ తిప్పితే పాళీ బదులు థర్మామీటర్. గింజ ఎండితే చస్తుంది, నలభై అయిదు డిగ్రీలు దాటినా చస్తుంది. తోటివాళ్లకు వైర్‌లెస్ పెన్నులు, కెమెరా లైటర్లు ఇచ్చే డిపార్ట్‌మెంట్ తనకు జ్వరం చూసే పెన్ను ఇచ్చినందుకు దశరథానికి ఒళ్లు మండింది.

బయట బెంచీ మీద తోటమాలి రామస్వామి కూర్చున్నాడు. మంటలు ఆర్పబోయి కాలిన చేతులకు కట్లున్నాయి.

"పదహారేళ్లు పెంచాను బాబూ," అన్నాడు ముసలాయన. "మొలకెత్తే గింజ ఒక్కటి తెచ్చిపెట్టండి, చాలు."

"తెస్తాను," అన్నాడు దశరథం. ఈ వృత్తిలో ఎవరికీ మాట ఇవ్వకూడదని తెలిసీ ఇచ్చాడు.

*

1967 ఫిబ్రవరి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆడుతున్న రోజులు. ఊరంతా మడ్డి వాసన. గెస్ట్‌హౌస్‌లో బేరర్ వెంకటి అవతారమెత్తిన దశరథం మూడు రోజులుగా ట్రేలు మోస్తున్నాడు. మోకాళ్లు సహకరించడం లేదు.

అనుమానం ఉన్నది డాక్టర్ క్రూగర్ అనే విదేశీయుడి మీద. కాగితాల ప్రకారం యంత్రాల నిపుణుడు. అతని దుభాషి మిస్ విమల. చేతుల్లేని రవిక, నల్లకళ్లద్దాలు, నడిచివెళ్తే వెనక సెంటు వాసన. క్రూగర్ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ, వాళ్ల కబుర్లు డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తూ ఎనిమిదేళ్లుగా రెండు పడవల్లో కాళ్లు పెట్టి దర్జాగా ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆమె వరండాలో కప్పు పక్కకు నెట్టింది. "టీ చల్లారింది."

అది కోడ్. కబురుందని అర్థం.

"వేడిది తెస్తానమ్మా," అంటూ దశరథం వంగాడు.

"గింజలు చక్కెర బస్తాల్లో ఉన్నాయి," అంది విమల పెదవులు కదలకుండా. "రేపు సాయంత్రం నిజామాబాద్ నుంచి బొంబాయికి. స్టేషన్‌లో పట్టుకో."

దశరథం ఆమె వేళ్లకేసి చూశాడు. ఎర్రటి గోళ్లరంగు కింద గోటి అంచులన్నీ పచ్చగా ఉన్నాయి. చక్కెర అంటితే పసుపురంగు పట్టదు. ఆమె వంట చేసే మనిషీ కాదు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఇంత అశ్రద్ధగా చెప్పినందుకు అతని మనసు చివుక్కుమంది. ఆమెను నమ్మాలని అతనికెప్పుడూ ఉండేది.

ఫ్యాక్టరీ డ్రైవర్ తుకారాంకు బీడీ ఇచ్చి అడిగితే గుట్టంతా బయటపడింది.

"మొన్న మేడంను కమ్మర్‌పల్లి తోల్కపోయిన అన్నా. అంజవ్వని ఓ ముసలామె ఇంట్ల పచ్చిపసుపు బస్తా దించినం. మూతికి ఎర్రదారం కట్టి ఉండె. శనివారం వచ్చి తీస్కపోతం, జర పైలంగ ఉంచుమన్నది."

దశరథం లోలోపల మెచ్చుకోక తప్పలేదు. పచ్చిపసుపు మధ్య గింజ తడి ఆరదు, చల్లగా బతుకుతుంది. పసుపు జిల్లాలో పసుపు బస్తా విప్పి చూసే పోలీసు ఇంకా పుట్టలేదు.

తానెవరో చెప్పి, తెల్లారగానే అతను తుకారాంతో ఫ్యాక్టరీ జీపెక్కాడు. క్రూగర్ కారు అప్పటికే బయల్దేరింది కాని, ఊరి పొలిమేరలోనే ఇరుక్కుపోయింది. ముందు ఫ్యాక్టరీలో తూకానికి వరస కట్టిన అరవై చెరకు బండ్లు. విమల దిగి బతిమాలుతోంది. బండివాళ్లు ఎడ్లను అంగుళం కదల్చలేదు.

"లైన్ ఇడిస్తే మల్ల ఎల్లుండికే కాంట," అని నవ్వాడు తుకారాం, జీపును కాలువ గట్టు మీదికి మళ్లిస్తూ.

ఆర్మూర్ ఠాణా ముందు ఒక్క నిమిషం ఆగి, దశరథం కబురు చెప్పి కదిలాడు.

*

కమ్మర్‌పల్లిలో అంజవ్వ చేను గట్టున పొగ లేస్తోంది. రాతిపొయ్యి మీద పెద్ద ఇనుప కడాయి. పైన పసుపాకు కప్పి ఉంది. పక్కన కంచెకు ఖాళీ గోనెసంచి వేలాడుతోంది. దాని మూతికి ఎర్రదారం.

దశరథం జీపులోంచి దూకాడు. "అవ్వా, ఈ సంచిల పసుపేది?"

"కడాయిలనే పోసిన బిడ్డా," అంది అంజవ్వ మంట ఎగదోస్తూ. "ఊరికొక్కటే కడాయి, పక్కచేని ఎర్రన్నోళ్లు ఇంక పసుపు తవ్వలేదట, వంతు మాకు ముందే వచ్చింది. పాపం, ఆ పట్నపామె పచ్చిపసుపు పెట్టి పాయె. ఉడకబెట్టకుంటే కుళ్లదా? మాదాంట్ల కలిపి పోసిన."

"మంట తియ్యి అవ్వా! జల్ది!"

"ఎట్ల తీస్త? ఇప్పుడిప్పుడే ఎచ్చబడుతున్నది, నడుమల ఆపితే పసుపు పాడైతది. వంతు పోతే కడాయి మల్ల తొమ్మిది దినాలకు వస్తది."

అప్పుడే కారు వచ్చి ఆగింది. విమల చిన్న పిస్తోలుతో దిగింది. "చేతులెత్తు దశరథం!"

అతను ఎత్తాడు. ఆమె చూపు కంచె మీది సంచి మీద పడింది, తర్వాత కడాయి మీద. మొహం పాలిపోయింది.

"అవ్వా, మంట ఆర్పు!" అని అరిచింది.

ఎనిమిదేళ్లలో ఇద్దరూ ఒకేమాట చెప్పడం అదే మొదలు. అంజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పిడికెడు పసుపుకు గింత లొల్లెందుకు? నిజం చెప్పుండ్రి, గందుల ఏమున్నది?"

దశరథానికి చెప్పడానికి నాలుగు కట్టుకథలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ చెప్పాలనిపించలేదు. అంత అలసటగా ఉంది.

"విత్తనాలున్నయ్ అవ్వా. ఓ ముసలాయన పదహారేండ్లు పెంచిన చెట్లవి. చెట్లన్ని కాలిపోయినయ్. ఇవి ఉడికితే ఆ రకమే ఇగ ఉండదు."

"ఇత్తనమా?" అంజవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. "గా ముక్క ముందుగాల చెప్పొద్దా! ఇత్తనం ఎవలన్న ఉడకబెడ్తరా?"

కడాయి వంతు సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. మండే కట్టెలను చేతుల్తోనే లాగి అవతల పారేసింది. దశరథం ఎత్తిన చేతులు దించి, పెన్ను క్యాప్ తిప్పి నీళ్లలో ముంచాడు. భుజాల దాకా చేతులు పసుపులోకి దూర్చి వెదికాడు. అడుగున గింజలున్న గుడ్డసంచి దొరికింది.

"ఎంత?" అని అడిగింది విమల.

"నలభై నాలుగు."

ఆమె నిట్టూర్చి పిస్తోలు కింద పెట్టింది. ఆ నిట్టూర్పు ఏ పక్షం కోసమో దశరథం అడగలేదు. కారులోంచి దిగబోయిన క్రూగర్ చుట్టూ పసుపు తవ్వే గడ్డపారలతో కూలీలు నిలబడి ఉన్నారు. ఆర్మూర్ పోలీసులు వచ్చేదాకా అతను తలుపు తీయలేదు.

*

రెండు సేర్ల గింజల్లో మొలిచినవి నూట పదకొండు. ఆ సంగతి రామస్వామి కార్డు ముక్క మీద రాస్తే దశరథం దాన్ని చాలాకాలం జేబులో పెట్టుకుని తిరిగాడు.

నాలుగేళ్లకు తొలి కాపు నుంచి ఒక పొట్లం వచ్చింది, వేయించని పచ్చి గింజలు. కడుపు పుండుకు కాఫీ విషమని డాక్టర్ ఎప్పుడో చెప్పేశాడు. దశరథం కాసేపు వాసన చూసి, పొట్లాన్ని అలాగే కమ్మర్‌పల్లికి పంపాడు, ఇవి దక్కింది నీ వల్లేనని చీటీ రాసి.

పదిరోజులకు, ఆ వైపు వెళ్లిన తుకారాం చేతిరాతతో అంజవ్వ జవాబు వచ్చింది.

"బిడ్డా, ఈసారి ఇత్తనానికి పంపినవో ఉడకబెట్టనీకి పంపినవో రాయకపోతివి. సగం నాటిన, సగం కడాయిల ఏసిన. రెండు పూటలు ఉడకబెట్టినా రంగు రాలేదు. నీ పసుపు మంచిది కాదు."