పాలపొడి అంటిన చొక్కా

"మీరు బయటికెళ్లండి. ఈ లైన్లోకి రావద్దు."

కొత్తగా చేరిన క్వాలిటీ ఆఫీసర్ గీతాంజలి అందరి ముందు అలా అనేసరికి అభిలాష్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. టాటానగర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లోని ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పాల బిస్కెట్ల లైన్‌కి అతనే ఇన్‌చార్జి. పక్కనే పాలు కలపని మామూలు బిస్కెట్ల లైన్‌ వాళ్లని పలకరిద్దామని వెళ్లాడంతే.

బిస్కెట్లు విదేశాలకు పంపాలంటే రెండు ముద్రలు కావాలట. ముస్లింలకు హలాల్, యూదులకు కోషర్. ఆ పనికే గీతాంజలిని తాత్కాలికంగా తీసుకున్నారు. ముద్రలు రాకపోతే ఆమె ఉద్యోగమూ ఉండదు. అదంతా అభిలాష్‌కి తెలుసు. తనంటే ఆమెకు ఎందుకు పడదో మాత్రం తెలియలేదు. దూరంగా కనిపిస్తే నవ్వుతుంది, దగ్గరికెళ్తే చెయ్యి అడ్డం పెడుతుంది. ఆ తీరుకి అర్థమేమిటో అని బారిడీహ్‌లో తన ఇంటి దాకా బండి మీద ఆలోచిస్తూనే వెళ్లేవాడు.

తనిఖీ రోజు ముంబై నుంచి యూదు పెద్దాయన, కోల్‌కతా నుంచి మౌల్వీ సాబ్ ఒకేసారి దిగారు. మౌల్వీ సాబ్ పాలపొడి చూసి తల ఊపి, వెనీలా ఎసెన్స్ సీసా దగ్గర ఆగిపోయారు. అందులో ఆల్కహాల్ ఉంది, మార్చాలన్నారు. పెద్దాయనకు ఆ సీసాతో పేచీ లేదు. మాంసంతో పాలు కలపకూడదు కాబట్టి, పాలు లేవని చెప్పే బిస్కెట్లో పాల జాడ కూడా ఉండకూడదన్నారు. ఒకరికి సరే అన్నది ఇంకొకరికి కాదు. అభిలాష్ బుర్ర గిర్రున తిరిగింది.

అంతలో గరిటె సంగతి గుర్తొచ్చింది. పొద్దున పక్క లైన్ వాళ్లు గరిటె కనబడటం లేదంటే, సాయం చేద్దామని తన లైన్ గరిటె ఇచ్చాడు. దానికి పాలపొడి అంటుకుని ఉంది. దాంతో కలిపిన పిండి ఇప్పుడు ఓవెన్‌లోకి వెళ్లబోతోంది. ఎవరూ చూడలేదు. కానీ ఎక్కడో ఎవరో ప్యాకెట్ మీది ముద్ర నమ్మి తింటారు.

అతను వెళ్లి ఓవెన్ ఆపించి, అందరి ముందు ఉన్నది చెప్పాడు. గీతాంజలి ముఖం పాలిపోయింది.

తెలిసి చేశావా అని పెద్దాయన హిందీలో అడిగారు. లేదన్నాడు. ఆ పిండిని పాల బిస్కెట్లకు వాడుకోమని, మిక్సర్ కడిగి ఒక రోజంతా ఖాళీగా ఉంచి, తన ఎదుట మరిగే నీళ్లు పోయమని చెప్పారాయన. ఆ లోపు ఎసెన్స్ మార్పించమన్నారు మౌల్వీ సాబ్.

సాయంత్రం వాన. రేకుల షెడ్డు కింద ఇద్దరే మిగిలారు.

"కావాలని చేశారనుకున్నాను," అంది గీతాంజలి. "మరి ఎందుకు చెప్పారు?"

"మీ మాట మీద వాళ్లు సంతకం పెడతారు కదండి. నేనంటే మీకు పడకపోయినా..."

"పడదని ఎవరన్నారు? మీ చొక్కా నిండా పాలపొడి. నాకు పడనిది అది. పాలు లేని లైన్లో రాలుతుందనే ఆపాను."

అతను చొక్కా దులుపుకున్నాడు. "చొక్కా మార్చుకొని వత్తే?"

ఆమె దుపట్టా కొస చుట్టుకుంటూ నవ్వింది. "టాటానగర్‌లో మా ఇంటికి రండి. మా అమ్మను అడగాలి."

ముద్రలు రెండూ వచ్చాక, ఆదివారం రైల్వే క్వార్టర్స్‌కి వెళ్లాడు. గీతాంజలి తల్లి నూకాలమ్మ చికెన్ కూర ఒక మూల, పెరుగు ఇంకో మూల పెట్టి, గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"మా పిల్ల ఏటేటో రూల్స్ చెప్తంది బాబూ. నీకేటి వడ్డించాలో తెలీక బుర్ర తిరిగిపోతంది."

"అవి మనకు కాదు ఆంటీ. గీతాంజలి ఏది పెడితే అది తింటాను."

"మమ్మీ, రహనే దో నా, ఊరుకో," అంటూ గీతాంజలి తల దించుకుంది. నూకాలమ్మ కూతుర్ని చూసింది, అతన్ని చూసింది. తర్వాత అతని కంచం పక్కనే ఇంకో కంచం పెట్టింది.

"నువ్వూ కూకోయే. ఇద్దరికీ నేనే వడ్డిత్తాను."