తొంభై ఆరు మార్కుల క్షమాపణ

"ఉప్పుటేరు కాలనీలో కుళాయి నీళ్లు తాగకండి. గీటురాయి యంత్రం మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. దాన్ని తయారుచేసింది నేనే."

డాక్టర్ సుభాషిణి ఈ మూడు వాక్యాలూ టైప్ చేసి, పరీక్ష బటన్ నొక్కింది. పక్క గదిలో కూర్చున్న వాలంటీర్ల ఫోన్లలోకి ఆ మెసేజ్ వెళ్లింది. వాళ్లు చదువుతున్నంతసేపూ ఆమె తన స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంది. అంకె కదిలి, తడబడి, చివరికి ఎర్రగా నిలిచింది. ఇరవై మూడు.

సాగరగిరి నగరంలో ఇరవై మూడు మార్కులు వచ్చిన మాటకు విలువ లేదు. నలభైకి తక్కువైన మెసేజ్ ఎవరి ఫోన్‌లోనూ మోగదు. అడుగున ఎక్కడో పడి ఉంటుంది.

ఈ మార్కులు వేసేదే గీటురాయి. మనం ఒక మెసేజ్ చదువుతుంటే ఫోన్ ముందు కెమెరా మన కళ్లను గమనిస్తుంది. ఎక్కడ ఆగాం, ఏ వాక్యం దగ్గర వెనక్కి వెళ్లాం, కనుపాప ఎప్పుడు పెద్దదైంది, వేలు ఎంత గట్టిగా నొక్కింది, నాడి ఎంత వేగంగా కొట్టుకుంది, ఇవన్నీ చూసి అది మూడు సంగతులు తేలుస్తుంది. మాట అర్థమైందా, నమ్మబుద్ధి అయిందా, శ్రమ లేకుండా చదవగలిగామా. మూడూ కలిపి నూటికి ఇన్ని అని చెబుతుంది.

సుభాషిణి దీన్ని మంచి ఉద్దేశంతోనే తయారుచేసింది. అప్పట్లో నగరంలో ప్రతి ఫోనూ పుకార్లతో నిండిపోయి ఉండేది. గీటురాయి వచ్చాక ఆ గోల తగ్గింది. ప్రభుత్వ కార్యాలయాలు తమ ప్రకటనల్ని తిన్నగా, పొందికగా రాయడం నేర్చుకున్నాయి. చివరికి ఇంటికి వచ్చిన చుట్టాల మాటలకు కూడా జనం ఫోన్ టీపాయ్ మీద పెట్టి, వినేవాళ్ల ముఖాల్ని బట్టి గీటు చూడటం మొదలుపెట్టారు. "గీటెంత?" అనేది ఊరంతా వాడే మాటైపోయింది.

ఆ రోజు ఉదయం పిల్లల డాక్టరు రహమతుల్లా ఆమెకు ఫోన్ చేశాడు. ఆయన ఆస్పత్రి ఉప్పుటేరు కాలనీ పక్కనే ఉంది.

"మేడమ్, నా వార్డు పచ్చకామెర్ల పిల్లలతో నిండిపోయింది. నిన్న ఒక గర్భిణి చనిపోయింది. నీళ్లలోనే ఉంది తేడా. నీటి బోర్డు వాళ్లేమో పరీక్ష ఫలితాలు రావాలంటున్నారు."

"ముందే ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారట. ఎవరికీ చేరలేదు. నీళ్లు బాగున్నాయని బోర్డు పెట్టిన మెసేజ్‌కి తొంభై ఏడు వచ్చింది. అది చూసి నేనే తల్లులతో ఆ నీళ్లు పట్టించమన్నానండీ."

ఆమె వెంటనే పాత మెసేజ్‌లు వెతికింది. బోర్డు ప్రకటన పైనే ఉంది. "మీ ఆరోగ్యమే మా బాధ్యత. ఉప్పుటేరు కాలనీ నీరు ప్రమాణాలకు తగినట్టుగా ఉంది." తొంభై ఏడు. అంతకు వారం ముందే ఒక స్కూల్లో డ్రిల్ టీచరు నూకరత్నం పెట్టిన మెసేజ్ అట్టడుగున ఉంది. "అందరికి చెప్తున్న ఆ నీల్లు తాగొద్దు వాసన వస్తంది మా పాపకి కామెర్లు వచ్చాయి ఎవరు పట్టించుకోరా మీకు పిల్లలు లేరా!!!" ఇరవై రెండు.

రెండు మెసేజ్‌లూ చదివినవాళ్ల నాడి రేఖలు పక్కపక్కన పెట్టి చూసింది. డ్రిల్ టీచరు మాట చదివినవాళ్ల గుండె వేగం పెరిగింది. కనుపాపలు పెద్దవయ్యాయి. అది భయం. యంత్రం దాన్ని అపనమ్మకం కింద జమకట్టింది. బోర్డు మాట చదివినవాళ్లు నిమ్మళంగా ఊపిరి తీసుకున్నారు. యంత్రం దాన్ని నమ్మకం అనుకుంది. ఇన్నేళ్లూ గీటురాయి కొలిచింది మాటలోని నిజాన్ని కాదు, చదివేవాడి సుఖాన్ని.

అందుకే ఆమె ఆ మూడు వాక్యాలూ రాసింది.

గీటురాయి సంస్థ డైరెక్టర్ ప్రసేన్ వచ్చి, ఆమె వెనక నిలబడి ఆ అంకె చూశాడు. కోప్పడలేదు.

"ఒప్పుకుందాం మేడమ్. దాచమని నేననను. కానీ ఇరవై మూడుతో వదిలితే ఎవరు చదువుతారు? ఎవరికీ చేరని నిజం వల్ల ఏం లాభం?"

సభల్లో ఆమె స్వయంగా చెప్పే మాటే అది.

"అయితే ఏం చేద్దామంటారు?"

"చేరేలా రాద్దాం. అంతే."

ఇద్దరూ కూర్చున్నారు. 'తాగకండి' అన్న చోట వాలంటీర్ల నాడి ఎగిరిపడుతోంది. 'జాగ్రత్తగా వాడండి' అని మార్చారు. ముప్పై తొమ్మిది. 'తప్పుదారి పట్టించింది' తీసేసి, 'మెరుగుపరచవలసిన అంశాలను గుర్తించాం' అని పెట్టారు. అరవై నాలుగు. 'నేనే' అన్నది ఒంటరిగా, ఏదో దాస్తున్నట్టుగా ఉందని 'మా బృందం' చేశారు. ఎనభై ఒకటి. మొదటి వాక్యంగా 'ప్రియమైన సాగరగిరి వాసులారా, మీ నమ్మకమే మా బలం' అని చేర్చారు. ఒక్కో మార్పూ ఆ క్షణానికి సబబుగానే తోచింది. అంకె పచ్చరంగులోకి మారుతున్నప్పుడు ఆమెకు లోలోపల సంతోషం కూడా కలిగింది. చిన్నప్పుడు పరీక్షలో ఫస్టు వచ్చినప్పటి సంతోషంలాంటిది. తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఆమెను తలెత్తుకోనివ్వనిది ఆ సంతోషమే.

తొంభై ఆరు దగ్గర ఆగి, ఆమె తన పేరుతో మెసేజ్ పంపించింది. ఊళ్లో ప్రతి ఫోనూ మోగింది.

మర్నాడు ఉదయానికి పొగడ్తలు కుప్పలుగా వచ్చి ఉన్నాయి. 'ఎంత హుందాగా రాశారు' అన్నారు. 'బాధ్యత అంటే ఇది' అన్నారు. ఆమె ఒక్కొక్కటీ చదువుతూ నూకరత్నం పేరు దగ్గర ఆగింది. "థాంక్యూ మేడమ్. భయంతో ఇన్నాళ్లూ నీళ్లు కాచి తాగుతున్నాం. మీ మెసేజ్ చూసి ధైర్యం వచ్చింది. ఇవాళ్టి నుంచి ఆ బాధ లేదు."

సుభాషిణి తను రాసిందాన్ని మళ్లీ మొదటి నుంచీ చదివింది. నీళ్లు తాగొద్దని అందులో ఎక్కడా లేదు. కారు తాళాలు తీసుకుని బయల్దేరింది.

నూకరత్నం ఇల్లు కాలనీ మొదట్లోనే ఉంది. తలుపు తీసిన మనిషి పొడగరి, స్కూలుకు వెళ్లడానికి ట్రాక్ సూట్ వేసుకుని ఉంది. సుభాషిణిని గుర్తుపట్టి కంగారుపడింది.

"అయ్యో, మీరా మేడమ్! లోపలికి రండి. నా మెసేజ్ గురించే వచ్చుంటారు కదా?"

"మీ మెసేజా?"

"అదేనండీ, నేను మొదట పెట్టింది. ఇరవై రెండు వచ్చింది. నాకు రాయడం రాదు మేడమ్. పాపకి ఒళ్లు బాగోక ఏదో ఆవేశంలో పెట్టేశాను. అందరినీ ఊరికే భయపెట్టానని స్కూల్లో కూడా నవ్వారు. తప్పయిపోయిందండీ, ఏమీ అనుకోకండి."

క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషికే ఎదురు క్షమాపణ! సుభాషిణికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీ చివర కూర్చుంది. నూకరత్నం అలవాటు ప్రకారం ఫోన్ టీపాయ్ మీద పెట్టింది. లోపలి గది గుమ్మంలో ఆమె కూతురు తన్మయి నిలబడి ఉంది. పిల్ల కళ్లలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"తప్పు మీది కాదండీ, నాది," అని మొదలుపెట్టింది సుభాషిణి. "నేను ఈ యంత్రం మొదలుపెట్టినప్పుడు నా ఉద్దేశం వేరు. కళ్లను బట్టి నమ్మకం తెలుస్తుందనుకున్నాను. భయాన్నీ అపనమ్మకాన్నీ అది వేరుచేసి చూడలేకపోయింది. నేనే చూసుకోవలసింది. చూసుకోలేదు. నిన్నయినా నిజం రాద్దామనే కూర్చున్నాను. రాశాను కూడా. తర్వాత నేనే ఒక్కో మాటా..." కళ్లు తుడుచుకుంది. "రాత్రి పడుకున్నాను కూడా, హాయిగా. నా మీద నాకే అసహ్యంగా ఉంది."

నూకరత్నం జాలిగా చూసింది. "ఊరుకోండి మేడమ్. మీరు అంత బాగా రాసి ఇప్పుడిలా బాధపడతారేంటి? ముందు కొంచెం మంచినీళ్లు తాగండి. తన్మయీ, ఆంటీకి నీళ్లు తీసుకురామ్మా."

పిల్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. సుభాషిణి దాన్ని పట్టుకునే మాట్లాడుతూ పోయింది. నాడి గురించి, వాలంటీర్ల గురించి, ప్రసేన్ అడిగిన ప్రశ్న గురించి, దానికి తను జవాబు చెప్పలేకపోవడం గురించి. చెబుతూ తలెత్తేసరికి, గుమ్మంలో తన్మయి ఇంకో గ్లాసు నోటికి పెట్టుకుని ఉంది.

"ఆ నీళ్లు కాచారా?"

"లేదండీ. మీరే రాశారుగా, ఇక..."

"తాగొద్దు! అందులోనే ఉంది రోగం!"

నూకరత్నం ఒక్క అంగలో వెళ్లి గ్లాసు లాగేసింది. అప్పటికే సగం ఖాళీ అయింది. ఆమె సుభాషిణి వైపు తిరిగింది. ముఖంలో మర్యాద లేదు.

"ఆ మాట ముందు చెప్పాలి కదా! ఇంతసేపూ మీ గురించే చెప్పుకుంటూ కూర్చున్నారు!"

టీపాయ్ మీద ఫోన్ ఎర్రగా వెలుగుతోంది. సుభాషిణి చెప్పిన మాటలకు పదకొండు మార్కులు. ఆ అంకెలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు.

నూకరత్నం ఇక అక్కడ నిలబడలేదు. కూతుర్ని పక్కింటామెకు అప్పజెప్పి, వీధిలోకి వచ్చి, మైదానంలో పిల్లల్ని కేకేసే గొంతుతో అరిచింది. "కుళాయి నీళ్లు తాగకండి! కాచుకోండి, లేదా పారబోయండి!"

జనం బయటికి వచ్చారు. కొందరు ఫోన్లు పైకెత్తి గీటు చూసి, పెదవి విరిచి లోపలికి పోయారు. కొందరు ఆమె గొంతు విని కుళాయిలు కట్టేశారు. బిందె పట్టుకుని వచ్చిన ఒకావిడ సుభాషిణిని గుర్తుపట్టింది.

"ఏంటండీ ఇది? మీరే కదా నిన్న..."

"అసలేం జరిగిందంటే, నేను..."

"మేడమ్, మీరు మాట్లాడకండి," అంది నూకరత్నం. "ఆ కుళాయి కట్టేయండి చాలు."

సుభాషిణి నోరు మూసుకుంది. చీర చెంగు నడుముకు దోపుకుని, ఆ వీధిలో కనిపించిన ప్రతి కుళాయీ కట్టేస్తూ డ్రిల్ టీచరు వెనకే నడిచింది.

ఆ వారంలోనే నీటి బోర్డు వాళ్లు తవ్వి చూశారు. ఒకచోట మురుగు గొట్టం పగిలి మంచినీళ్ల గొట్టంలోకి కారుతోంది. బాగుచేశారు. తన్మయికి జబ్బు తిరగబెట్టలేదు. ప్రసేన్ గీటురాయిని ఆపలేదు. సుభాషిణి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది.

కొన్ని వారాలకు రహమతుల్లా మళ్లీ ఫోన్ చేశాడు. కాలనీలో ఇంకో ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ, అప్పట్లో తాగిన నీళ్లకు ఇప్పుడు కామెర్లు బయటపడ్డాయి. వాళ్లు కాచడం మానేసింది ఆమె మెసేజ్ వచ్చిన రోజునే. సుభాషిణి ఆస్పత్రికి వెళ్లింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లింది. ముందు చెప్పవలసింది ముందు చెప్పాలి, తన గోడు చెప్పుకోకూడదు, ఏడవకూడదు.

పిల్లల తల్లి మంచాల మధ్య స్టూలు మీద కూర్చుని, చెరుకురసం గ్లాసులోకి వంచుతోంది. సుభాషిణి తన పేరు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"మీరేనా మేడమ్ ఆ మెసేజ్ రాసింది! ఎంత బాగా రాశారండీ. నాకు చదువు అంతంతమాత్రం. అయినా ఒక్కసారికే అర్థమైపోయింది. చదవగానే మనసు కుదుటపడిందనుకోండి."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఉందేమోనని సుభాషిణి ఆశగా ఆమె ముఖంలోకి చూసింది. ఎక్కడా లేదు.