వెనక సీటులో కూర్చునే మనిషి

పొద్దున్నే ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని కారు వెనక చక్రం పైన టేపు పెట్టి కొలుస్తున్నాడు. పక్కనే చక్రాల బండి మీద, రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న పడవ ఉంది. ఆ పడవ బండి తగిలించగానే కారు వెనక కుంగిపోయి, ముక్కు పైకి లేస్తోంది. కిందటి నెల వేయించిన గట్టి స్ప్రింగులూ చాలలేదు.

“ఇంకా గట్టివి వేయిస్తాను. ఒకసారి బిగిస్తే ఇక ఆ సంగతే మరిచిపోవచ్చు,” అన్నాడు.

“వద్దు నాన్నా,” అంది కూతురు. “పాత మెత్తటివే పెట్టించి, వాటి లోపల గాలి సంచులు వేయించు. పడవ తగిలించినప్పుడు గాలి కొట్టుకోవడం, విప్పాక తగ్గించుకోవడం.”

“ప్రతిసారీ ఆ చాకిరీ ఎవరు చేస్తారే?”

తీగ మీద బట్టలు ఆరేస్తున్న భార్య ఇటు తిరక్కుండానే అంది. “నన్ను పడవలోనే కూర్చోబెట్టండి. దానికైతే స్ప్రింగులే ఉండవు.”

ఆయన నవ్వాడు. కూతురు నవ్వలేదు.

“అమ్మ నడుముకి ఆపరేషనయి ఏడాది కాలేదు. ఈ నెలంతా ఆసుపత్రికి బస్సులో ఎందుకెళ్తోందో అడిగావా?”

“బస్సులో కాలక్షేపమని తనే చెప్పిందిగా!”

“అమ్మ చెబుతుంది, నువ్వు నమ్ముతావు.”

“నొప్పిగా ఉంటే నాతో చెప్పడానికి నోరు లేదా?” ఆయన గొంతు లేచింది.

“ఊరుకోవే,” అంది తల్లి కూతురితో. “ఇన్నేళ్లకి మీ నాన్న ఒక్క సరదా పడ్డారు.”

కూతురు చెయ్యి చాచింది. “తాళాలియ్యి నాన్నా. వెనక కూర్చో.”

పడవ బండి విప్పేసి కారు తీసింది. తన కారులో ఆయన వెనక కూర్చోవడం అదే మొదలు. ఆపరేషన్ తర్వాత నడుం వాల్చుకోవడానికి వీలని భార్యే అక్కడ కూర్చునేది. వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ రాగానే దెబ్బ నడుములోంచి పళ్లదాకా తన్నింది. చెయ్యి దానంతటదే తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. అది ఒక కొస ఊడి వేలాడుతోంది. అవతలి వైపు పిడి కొత్తదానిలాగే ఉంది. వీపు వెనక ఏదో తగిలితే తీశాడు. నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు, నడుం ఒంపులోకి అణిగిపోయి ఉంది.

“కాస్త నెమ్మదిగా పోనివ్వవే.”

“నెమ్మదిగానే పోతున్నా నాన్నా.”

తిరిగొచ్చి, ఆ తువ్వాలు పట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు. “ఎందుకు చెప్పలేదు?”

“చెబితే పడవ అమ్మేసేవారు.”

ఆయన కళ్లు తుడుచుకోబోతే చేతికున్న గ్రీజు చెంపకంటింది. ఆమె తీగ మీది తడి గుడ్డ లాగి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు తుడిచింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు ఆమె చెప్పులేసుకుంటుంటే వాకిట్లోంచి సన్నగా బుస్సుమని చప్పుడు వినిపించింది. పడవ బండి పక్కకు నెట్టేసి ఉంది. ఆయన కారు వెనక మోకాళ్ల మీద కూర్చుని, పాత మెత్తటి స్ప్రింగుల లోపల కొత్తగా వేయించిన సంచుల్లో గాలి తగ్గిస్తున్నాడు.

“బస్సు టైమైందండీ.”

“బస్సూ లేదు, ఏమీ లేదు. ఎక్కు.”

మలుపులో స్పీడ్ బ్రేకర్ దాటుతూ ఆయన అద్దంలోకి చూశాడు. పిడికి కొత్త మర బిగించాడు గానీ, ఆమె దానివంక చూడనేలేదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి వీధి చూస్తోంది.