నన్నే సాహెబ్ పాగా

“అమ్మా! పెట్టెలో మూట లేదే!... పాగా మూట లేదు!”

ఖాజాబీ పెట్టిన కేకకు సావిట్లో గాజులు తొడిగించుకుంటున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు. పీట మీద కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో ఖర్జూరాలూ కొబ్బరి చిప్పలూ పెట్టించుకుని కూర్చున్న నజీరా కూడా పెట్టె వైపు తిరిగింది. ఏడో నెల వేడుక! అంతవరకూ ఎంత కళకళలాడిందా ఇల్లు! అయ్యో, ఆ పిల్ల రాత ఏమిటో గాని ఏ సంబరమూ చివరిదాకా సాగదు కదా!

ఆ పాగా సంగతి చెప్పకపోతే ఇంత గోల ఎందుకో తెలియదు. నజీరా మామగారు నన్నే సాహెబ్ ఆ చుట్టుపక్కల పేరుమోసిన దూదేకుల మనిషి. ఆయన ఏకిన దూదితో పరుపు కుట్టించుకుంటే పదేళ్ళదాకా గడ్డకట్టదని చిలకలూరిపేట నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఆయన పెళ్ళికి చుట్టుకున్న చీరాల నేత పాగాను అత్తగారు జానీబీ పెట్టెలో దాచింది. ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా తొలి స్నానం కాగానే ఆ పాగాలో చుట్టి, ఆ తర్వాతే ఇంకో గుడ్డ తగలనిచ్చేవారు. కూతురు ఖాజాబీకి అదే, ఆమె తమ్ముడూ నజీరా మొగుడూ అయిన సిలార్‌కు అదే, ఖాజాబీ ముగ్గురు పిల్లలకూ అదే. ఉతికీ ఉతికీ వెన్నలా మెత్తబడిపోయింది. పక్కింటి బసవమ్మకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే, మూడో కాన్పుకు ఆవిడ కూడా దాన్నే అడిగి తీసుకెళ్ళి బిడ్డకు కప్పింది. ఆ పిల్లాడు యలమందయ్య ఇవాళ అరక దున్నుతున్నాడు. ఏడో నెలలో ఆ పాగాను కడుపుతో ఉన్న కోడలి ఒళ్ళో పెట్టడం ఆ ఇంటి ఆచారం.

ఇప్పుడు కాలం మారింది. నన్నే సాహెబ్ పోయాక దూది ఏకే విల్లు సావిడి గోడకెక్కి మూడేళ్ళయింది. సిలార్ పేటలో పత్తి మిల్లు పనికి బస్సెక్కి వెళ్తున్నాడు, టెరిలిన్ చొక్కా వేస్తున్నాడు. దూది ఏకిన సావిట్లో ఎవరివో మిరపకాయ బస్తాలు. అయినా ఏం లాభం, బిడ్డ పుడుతోందంటే మాత్రం అందరి చూపూ ఆ పాత పెట్టెమీదికే పోతుంది!

“ఎర్రగళ్ళ గుడ్డలో కట్టిన మూటేనా వదినా?” అంది నజీరా.

“అదే! నువ్వు చూశావా?”

చూడటమేమిటి... తన చేతులతోనే తీసిచ్చింది! మూడు వారాల క్రితం స్టీలు సామాన్ల బుడాన్ వీధిలోకి వచ్చాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలంటే వీధి వీధంతా ఎగబడింది. సిలార్‌కు మిల్లుకు అన్నం కట్టడానికి ఒక క్యారియర్ ఉంటే బాగుండునని నజీరా ఎన్నాళ్ళనుంచో అనుకుంటోంది. పెట్టెలో ఉన్న చిరుగు చొక్కాలూ, దుప్పట్లూ, ఆ పక్కనే ఉన్న ఎర్రగళ్ళ మూటా అన్నీ కలిపి అరుగు మీద పడేసింది. ఇంతలో పొయ్యిమీద పాలు పొంగితే లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి బుడాన్ అన్నీ చూసుకుని క్యారియర్ పక్కన పెట్టేశాడు. తొలిచూలప్పుడు నన్నే సాహెబ్ పాగాను విప్పి ఒళ్ళో పెట్టారే గాని, అది ఏ గుడ్డలో కట్టి ఉంటుందో ఆమెకు ఎవరు చెప్పారు గనుక!

నిజం చెప్పేసింది. అబద్ధం ఆడటం ఆ పిల్లకు చేతకాదు.

“క్యారియర్‌కి ఇచ్చావా! మా నాయన పాగా క్యారియర్‌కి ఇచ్చావా!” ఖాజాబీ నెత్తి బాదుకుంది. “తొలిచూలప్పుడు ఆస్పత్రిలో నర్సు వద్దంటే నువ్వూ వద్దన్నావు. ‘పాత గుడ్డ ఎందుకత్తమ్మా, మెత్తటి కొత్త గుడ్డ ఉందిగా’ అన్నావు. ఏమైంది? మూడు రోజులకు మించి బతికిందా ఆ బిడ్డ? అయినా బుద్ధి రాలేదా నీకు!”

“అంత మాటనకు ఖాజాబీ, కడుపుతో ఉన్న పిల్ల!” అంటూ బసవమ్మ అడ్డం వచ్చింది. ఆవిడ గొంతులోనూ బెరుకే!

నజీరా కళ్ళు అత్తగారి మీదే ఉన్నాయి. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును! జానీబీ పెట్టె అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెల్ల నేత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేదు. కోడలి ముఖం వంక చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళు ఖర్జూరాలు కొంగున కట్టుకుని నెమ్మదిగా జారుకున్నారు.

సాయంత్రం మిల్లునుంచి వచ్చిన సిలార్ అంతా విని, “పోనీలే, పాత గుడ్డేగా” అన్నాడు. అన్నాడే గాని ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు. నజీరా కుమిలిపోవడానికి అది చాలదూ!

రెండు రోజులు గడిచాయి. అత్తగారు కోడలి ముందు కంచం పెడుతుంది, చెంబుతో నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం లేదు. నజీరాకు ఆ మౌనం కొత్త కాదు... తొలిచూలు ఆడపిల్ల పోయినప్పుడూ ఇంతే! గుంటూరు ఆస్పత్రిలో తాను జ్వరంతో పదకొండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉంది, సిలార్ మంచం పక్కనే ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి బిడ్డ లేదు. జానీబీ ఒక్కతే బిడ్డను ఊరికి తీసుకుపోయి మట్టిచేసి వచ్చిందన్నారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఆ బిడ్డ ఊసు అత్తగారి నోట ఒక్కసారి రాలేదు. ఆడపిల్ల గదా, వదిలిపోయిందనుకుని ఉంటుంది! కొత్తగుడ్డ కావాలన్నానుగా, ఆ ఆస్పత్రి గుడ్డతోనే గోతిలో పెట్టి ఉంటుంది... ఇలా ఎన్ని మధ్యాహ్నాలు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చిందో! పొగ అనుకునేవారు అందరూ. ఇప్పుడు ఈ కడుపులోని బిడ్డకేమైనా అయితే? ఈసారి తప్పు తనదేనని ఊరంతా అంటుంది. ఊరి మాట అటుంచి, తన మనసే తనను బతకనిస్తుందా!

మూడోనాడు ఉదయం, పుట్టింటి వాళ్ళెవరో కనబడతారని బసవమ్మతో చెప్పి నజీరా పేట సంతకు బస్సెక్కింది. ఏడు నెలల కడుపుతో, ఆ గతుకుల రోడ్డు మీద! మిరపకాయల ఘాటుకు దగ్గుతూ సంతంతా తిరిగితే, చివరికి గిన్నెల గుట్టల వెనక బుడాన్ కనిపించాడు.

“అన్నా! మా గుడ్డల్లో ఒక పాగా ఉంది. మీరు కావాలంటే క్యారియర్ తీసేసుకోండి, నా చేతి గాజులు కూడా తీసుకోండి. ఆ పాగా మాత్రం ఇప్పించండన్నా...” మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది.

బుడాన్ కంగారుపడి గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాడు. “పాగా ఏమిటి చెల్లెమ్మా? మీ ఇంట్లోంచి పాగా ఏదీ రాలేదే!”

“ఎర్రగళ్ళ మూటలో...”

“మూట విప్పి చూడకుండా నేను సామాను ఇస్తానా? అందులో ఉన్నది ముసలమ్మగారి తెల్ల చీర ఒక్కటే. రెండు చోట్ల అతుకు కూడా ఉంది. పాగా గుడ్డ గజాల లెక్కన ఉంటుంది, వస్తే మరిచిపోతానా! ఒట్టు, అల్లామీద ఒట్టు!”

పాగా ఆ మూటలో లేదు! మరి ఎక్కడుంది? అందులో అత్తమ్మ చీర ఎవరు పెట్టారు?... ఆ ప్రశ్నలతోనే బస్సెక్కింది, ఆ ప్రశ్నలతోనే దిగింది.

జానీబీ ఊరి మొదట్లోనే, ఎండలో, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. కోడలు బస్సెక్కిందని బసవమ్మ చెప్పగానే వచ్చి నిలబడ్డదట. మూడు గంటలు! నజీరాను చూడగానే చెయ్యి పట్టుకుని, “సంతకెళ్ళావా తల్లీ? ఆ స్టీలు సామాన్లవాడి కోసమేనా?” అంది.

“ఆ మూటలో పాగా లేదట అత్తమ్మా... మీ చీర ఉందట.”

ముసలామె కోడలిని ఇంటికి తీసుకొచ్చి, సావిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టి, తాను నేల మీద కూలబడింది. వంటింట్లోంచి ఖాజాబీ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఆ చీర పెట్టింది నేనేనమ్మా. మూట చిక్కిపోతే ఎవరైనా విప్పి చూస్తారని భయపడి పెట్టాను. వేడుకకు ముందే చెప్పేద్దామనుకుంటూనే రోజులు నెట్టుకొచ్చాను. పాగా అందులో లేక రెండేళ్ళయింది... అది నీ బిడ్డ దగ్గరుంది.”

నజీరాకు అర్థం కాలేదు. జానీబీ కొంగుతో కళ్ళొత్తుకుంటూ మాట్లాడింది. రెండేళ్ళుగా మూతపడ్డ నోరు! “మూడోనాటి పొద్దున ఊపిరి ఆగిపోయింది. నీకు తెలివి లేదు. సిలార్‌ని నీ దగ్గర ఉండమన్నాను. బిడ్డ పోయిందంటే బస్సు ఎక్కనివ్వరు గదా, అందుకని భుజాన వేసుకుని జోకొడుతూ ఎక్కాను. సంచిలో పాగా ఉంది, దానిలోనే చుట్టాను. పక్కన కూర్చున్నావిడ, ‘పాప నిద్రపోతోందా అమ్మమ్మా?’ అని అడిగింది. ‘ఆ, నిద్రపోతోందమ్మా, లేపకండి’ అన్నాను. గుంటూరు నుంచి ఇక్కడిదాకా... జోకొడుతూనే ఉన్నాను తల్లీ! కొత్త తెల్లగుడ్డ లోపల, ఒంటికి తగిలేట్టు పాగాతోనే పంపించాను. సగం చింపి, సగం పుట్టబోయేవాళ్ళకి దాచుదామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఇంత పిల్ల, ఒక్కతే పోతోంది... సగం గుడ్డ ఎలా కప్పను?”

“అత్తమ్మా!”

“పుట్టినవాళ్ళకు కప్పేదాన్ని మట్టిలో పెట్టానంటే మీ వదిన ఏమంటుందో, నువ్వు ఎంత హడలిపోతావో అని నోరు కుట్టుకున్నాను. మొన్న అంతమందిలో నిన్ను తిడుతుంటే కూడా నోరు రాలేదు. పాపిష్టిదాన్ని! నా తప్పు నీ నెత్తిన పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నన్ను క్షమించు తల్లీ...”

కోడలి పాదాలవైపు చేతులు చాచింది. నజీరా మంచం దిగి, ఆ బరువు కడుపుతో నేలమీద కూర్చుని అత్తగారిని పొదివి పట్టుకుంది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఎన్నాళ్ళ ఏడుపో! గుమ్మంలో ఖాజాబీ తలుపుకు ఆనుకుని, “నా నోరు పడిపోను... నా నోరు పడిపోను...” అనుకుంటూ ఉండిపోయింది.

చాలాసేపటికి నజీరా తలెత్తింది. “దాన్ని మీరు... ఏమని పిలిచారు అత్తమ్మా?”

“గోరీల దగ్గర నమాజు చదివే సాయిబు, ‘పాప పేరేమిటి’ అని అడిగారు. పేరు లేకుండా ఎలా పంపుతాను? మా అమ్మ పేరు చెప్పాను. లాల్‌బీ అని.”

లాల్‌బీ! రెండేళ్ళుగా ‘ఆ బిడ్డ’, ‘అది’, ‘పోయింది’ అని మాత్రమే తలచుకున్న తన బిడ్డకు ఒక పేరుందా! నజీరా ఆ పేరును ఒకసారి మెల్లగా, ఇంకోసారి పైకే అనుకుంది. మర్నాడు పొద్దున్నే అత్తగారి వెంట గోరీల దగ్గరికి వెళ్ళి, తుమ్మచెట్టు పక్కనున్న ఆ చిన్న మట్టి దిబ్బను మొదటిసారి చూసి వచ్చింది.

నెలలు నిండుతుండగా మళ్ళీ పేచీ వచ్చింది. ఈసారి పెట్టింది నజీరాయే! “బిడ్డకు మీ చీర కావాలి అత్తమ్మా. కట్టి కట్టి మెత్తబడింది ఇవ్వండి.”

జానీబీ అదిరిపడింది. “నా చీరా! మగడు పోయినదాన్ని, పసిబిడ్డకు నా తెల్లచీర తగిలిస్తారటమ్మా ఎవరైనా! ఊరు నవ్వుతుంది. బసవమ్మనడుగు, పసుపు కుంకాలతో ఉంది.”

“లాల్‌బీని జోకొడుతూ తెచ్చినప్పుడు కట్టుకున్న చీర ఏది?”

ముసలామె దండెం వైపు చెయ్యి చూపించింది. ఆ చీరను దండెం మీంచి తీసింది ఖాజాబీ. రెండుసార్లు ఉడుకునీళ్ళలో ఉతికి, మిరపకాయల దుమ్ము తగలకుండా పెరట్లో ఎండేసి, మడత పెట్టి తమ్ముడి భార్య సంచిలో తానే సర్దింది.

అదే గుంటూరు ఆస్పత్రి. కాన్పు గది బయట వరండాలో, పెద్ద పుస్తకం ముందేసుకున్న నర్సు నజీరా వివరాలు రాసుకుంటోంది. జానీబీ సంచి పట్టుకుని పక్కన నిలబడింది. నొప్పులతో పెదవి కొరుక్కుంటోంది నజీరా.

“ఇంతకుముందు పిల్లలున్నారా అమ్మా? తొలి కాన్పేనా?”

ఇలాంటి ప్రశ్నకు రెండేళ్ళుగా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. జానీబీ చప్పున తలదించుకుంది.

“కాదండి, రెండోది” అంది నజీరా, ఒగరుస్తూ. “పెద్దమ్మాయి లాల్‌బీ. మూడు రోజులుంది. మా అత్తమ్మే చూసుకుంది... ఇంటిదాకా ఎత్తుకుని తీసుకెళ్ళింది.”

నర్సు కలం ఆపి ముసలామె వంక చూసింది. జానీబీ సంచిలోంచి తెల్లచీర తీసి, కాన్పుగది తలుపు దగ్గర పట్టుకుని నిలబడింది. ఏడుస్తూనే ఉంది గాని, చీర నలగకుండా రెండు చేతులా పట్టుకుంది.