ఏ కాలికా చెప్పు

విజయనగరంలో ఆ ఉదయం కూడా ఎవరూ తలెత్తి వీధిని చూడలేదు. ఆ అవసరం తీరిపోయి ఇరవై ఏళ్ళయింది. ప్రతివారి చెవి వెనుకా శనగగింజంత జాడపూస ఉంటుంది. "ఆకలేస్తోంది" అని గొణిగితే చాలు, "ఎడమకు తిరగండి, నలభై అడుగులు" అంటూ నడిపించుకుపోతుంది. కొట్లకు బోర్డులు లేవు. రాయించేవారూ లేరు, చదివేవారూ లేరు. వంద రోజులపాటు ఎవరూ వెదకని కొట్టును పూస మరిచిపోతుంది. పూస మరిచిన కొట్టుకు ఇక ఈగ కూడా రాదు.

చిన్న కొట్లను పూసకు ఎరుకపరచడమే సువర్చల వృత్తి. అటువంటివారిని జాడకర్తలంటారు. మరుపు గడువు ముంచుకొచ్చిన కొట్ల జాబితాలో సూరిదేముడి చెప్పుల కొట్టు కనబడితే ఆమె స్వయంగా వచ్చింది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

డెబ్బై ఏళ్ళ సూరిదేముడు తోలు మీద నుంచి చూపు తిప్పకుండానే, "కూకో తల్లీ" అన్నాడు.

"బాబాయ్, మీరేం చేస్తారని పూసకు చెప్పారు?"

"సెప్పులు కుడతానని సెప్పినాను."

"అలా చెబితే మూడువేల కొట్ల వెనకాల పడేస్తుంది. మీ దగ్గర మాత్రమే దొరికేదేమిటి?"

"ఏటుంటాదమ్మా? ఎవులికీ రెండు కాళ్ళూ ఒక్కలాగుండవు కదా. నాను ఏ కాలికా కాలు కొల్సి కుడతాను. అంతే."

సువర్చల గోడవైపు చూసింది. అరల నిండా చెక్కతో చెక్కిన పాదాలు. ప్రతి జతలోనూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఇంత పనితనాన్ని 'చెప్పులు' అన్న ఒక్క మాటలో చుట్టి పెట్టేశాడీయన!

చిక్కల్లా ఏమిటంటే, "నా కాళ్ళు హెచ్చుతగ్గులు" అని పూసతో ఎవరూ అనరు. అలాంటివారికి చెప్పులు కుట్టేవాడొకడు ఉంటాడనే తెలియదు. అందుకని సువర్చల మూడు రోజులు ఆయన పాత ఖాతాదార్ల ఇళ్ళకు తిరిగింది. వాళ్ళు విసుక్కునే మాటలన్నీ ఏరుకొచ్చింది. "చెప్పు కరిచింది", "ఒక్క చెప్పే జారిపోతోంది", "నడిస్తే నడుం లాగేస్తోంది". ఈ మాటలు ఎవరి నోట వినబడినా సూరిదేముడిని తలుచుకోమని పూసకు నేర్పింది.

గడువుకు నాలుగు రోజుల ముందు మొదటి మనిషి వచ్చింది. మెహరున్నీసా, బడి పంతులమ్మ. నెల తిరిగేసరికి కొట్టు ముందున్న బెంచీ ఖాళీగా ఉన్న రోజు లేదు.

అప్పుడు పూస గునిసింది. ఒక్కొక్కరూ గంటకు పైగా కాచుకుంటున్నారు కాబట్టి ఈ కొట్టు జాడ మసకబారుస్తానంది. సువర్చల వెంటనే అందరికీ వేళలు పంచింది. తన వేళకు వచ్చి, కొలతిచ్చి, వెళ్ళిపోవచ్చు. అయినా వారం తిరక్కుండానే మరో హెచ్చరిక: "అయిదింటివారు మూడింటికే వస్తున్నారు. వారికి వేళలు అర్థం కావడం లేదు. సరిదిద్దండి."

సరిదిద్దుదామనే ఆమె వెళ్ళింది.

బెంచీ మీద ఇరుకిరుగ్గా ఏడుగురున్నారు. అందరి కాళ్ళూ ఎండలోకి చాపి ఉన్నాయి.

"నాది అరంగుళం తేడా" అంటున్నాడు బస్సుల షెడ్డులో పనిచేసే రామ్మూర్తి నాయుడు.

"నాది ముప్పావు. నేనే గెలిచాను" అంది మెహరున్నీసా, పాదం పైకెత్తి చూపిస్తూ. తర్వాత కొంచెం నెమ్మదిగా, "ముప్పై ఏళ్ళు ఎడమ చెప్పులో దూది కుక్కుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నా ఒక్కదానికే ఇలా ఉందనుకున్నా" అంది.

సువర్చల పక్కన కూర్చుంది. "టీచరుగారూ, మీ వేళ అయిదు కదా?"

"అయిదింటికొస్తే నేనొక్కదాన్నే ఉంటాను కదమ్మా!"

పూసకు ఇచ్చే నివేదికలో వేళ తప్పడానికి పదహారు కారణాలున్నాయి. ఈ కారణం లేదు. సువర్చల చాలాసేపు ఆ పదహారింటినీ చూస్తూ ఉండి, చివరికి వేళలన్నీ రద్దు చేసింది.

"బాబాయ్, వేళలు లేవు కాబట్టి ఇకమీదట పూస మిమ్మల్ని అందరికీ చూపించదు. కొత్తవాళ్ళు తగ్గిపోతారు."

సూరిదేముడి చేతిలో తోలు కుట్టే ఆరె ఆగింది. ఆయన ఏమీ అనకముందే మెహరున్నీసా లేచింది. "అదెందుకు చూపించాలి? మా బళ్ళో సుగుణమ్మ కూడా కుంటుతూనే నడుస్తుంది. నేను చెబుతా దారి." అని, ఠక్కున ఆగిపోయింది. "ఇంతకీ... ఇక్కడికెలా రావాలి?"

బెంచీ మీదివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల రోజులుగా వస్తున్నా, ఏ వీధి దాటి వచ్చారో ఒక్కరికీ తెలియదు. పూస తిరగమన్న చోట తిరిగారు, అంతే. సువర్చలకూ తెలియదు.

సూరిదేముడు నవ్వేశాడు. "మూడు లాంతర్ల కాడ నిలబడండి. గంటస్తంభం ఏపు నడండి. పెద్ద ఏపసెట్టు దాటినాక రెండో సందు. కుడిసేతి ఏపు కుళాయి అగుపడతాది, దాని ఎనకాలే నాను."

ఏడుగురూ బడిపిల్లల్లా మళ్ళీ మళ్ళీ అప్పజెప్పారు. సువర్చల కూడా పెదాలు కదిపింది.

మెహరున్నీసా పూస తీసి సంచిలో వేసుకుని, వీధిని కళ్ళారా చూసుకుంటూ బయలుదేరింది. పది అడుగులు వేసి, కుళాయి దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"కుడికా, ఎడమకా?"

"ఎడమకమ్మా, ఎడమకి!" కొట్టు దగ్గర్నుంచి అందరూ ఒక్కసారే కేకేశారు.