ఖాళీ సందుకు పచ్చదీపం

నటేశన్ నగర్ సందు పెద్దరోడ్డులో కలిసే చోట సిగ్నల్ ఉందే— దాని పేరెత్తితే ఆటోవాళ్లు రాత్రిపూట బేరమే ఒప్పుకోరు. సందులో పురుగు కూడా కదలదు... అయినా పెద్దరోడ్డుకు ఎరుపు, సందుకు పచ్చ! కనబడని వాళ్లెవరో దాటుతున్నట్టు.

ఇది మా వీధి రుక్మణి కూతురు కార్తిక చెప్పిన మాట. అది కొత్తరకం సిగ్నల్. పైన కెమెరా ఉంటుంది, ఎటు బండ్లుంటే అటు పచ్చ ఇస్తుంది. సరిగ్గా ఇస్తోందా లేదా అని తేల్చడానికి, రాత్రంతా పెద్దరోడ్డుకు ఇవతల కుర్చీ వేసుకుని బండ్లు లెక్కరాయడం కార్తిక పని. రెండు రాత్రులు సందులోంచి బండి రాలేదని రాసింది. మిషన్ లెక్కలో మాత్రం బండి వచ్చినట్టు పడింది.

"నిద్రపోయుంటావు," అన్నాడు ఇంజనీరు లోకనాథన్. "ఈ రాత్రి నేనే వస్తా. మళ్లీ లెక్క తప్పితే, రేపట్నుంచి పనికి రావద్దు."

న్యాయం చూడండి! మిషన్ తప్పు చెప్పదట, మేలుకుని కూర్చున్న పిల్లే చెబుతుందట! మిల్లులో ముప్పయ్యేళ్లు మిషన్ల పక్కన నిలబడ్డవాణ్ణి, నాతోనా ఈ మాట?

మూడో రాత్రి పన్నెండు దాటింది. దూరంగా కడలూరు బస్సు వస్తోంది.

టక్... బస్సుకు ఎరుపు. సందుకు పచ్చ.

సందు ఖాళీ.

"చూసినారా సార్," గుసగుసలాడింది కార్తిక. "ఎవరున్నారు?"

లోకనాథన్ ఆమె కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. "బండి వచ్చిందని... రాసెయ్యమ్మా. రాసెయ్!"

"రానిదాన్ని ఎట్ల రాసేది సార్?"

లేచి, రోడ్డు మధ్య డివైడర్ గోడ చుట్టి అవతలికి పోయింది. అక్కడ సందు మొగలో నేలమీద, బండ్లు ఆగే తెల్లగీత దగ్గర... ఒక మంట. మంట వెనక విరబోసిన తెల్లజుట్టు—

"యాడికే వస్తావు? దిష్టి తొక్కొద్దు!"

సందు చివరింటి అన్నమ్మాళ్! ముందర గుమ్మడికాయ, దాని మీద కర్పూరం. డివైడర్ గోడ అడ్డం కదా, ఇవతల కుర్చీలోకి అదేదీ కనబడదు.

"ఏందవ్వా ఇది, ఈ రాత్రిలో?"

"మా కొత్తింటికి దిష్టి తీసిన రాత్రే ఈ సిగ్నల్‌కు దెయ్యం పట్టింది. దాన్ని పోగొట్టాలని సందులో ఇంటింటికీ వంతు పెట్టుకున్నాం. రోజుకో కాయ."

కార్తిక తలెత్తి కెమెరాను చూసింది. చీకట్లో ఆ మంట దాని కంటికి బండిలైటు!

చెమట తుడుచుకుంటూ లోకనాథన్ వచ్చాడు. విన్నాడు. "నీ లెక్కే రైటు," అన్నాడు నేలచూపులతో. "రేపు పనికి రా."

"మిషన్ లెక్కలో ఉంది కద సార్. ఏం బండని రాసేది?"

అతను నోరు తెరిచేలోపే, ఆరిపోతున్న కర్పూరంలో అన్నమ్మాళ్ ఇంకో బిళ్ల వేసింది. టక్... మళ్లీ పచ్చ. బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"పచ్చ పడింది కదయ్యా," అంది అన్నమ్మాళ్ ఇంజనీరుతో. "తప్పుకో, నా కాయ పోవాల."